పదో పాట

మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పోయిన వేసవిలో ఒక ఆట మొదలైంది. ఎవరికి బాగా ఇష్టమైన పది సినిమా పాటలు వాళ్లు రాసి పెట్టాలి. మొదలుపెట్టినాయన భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేస్తాడు. బళ్లో ఉన్నప్పుడు బెంచీ మీద దరువేసి రోజూ దెబ్బలు తినేవాడు. పొద్దున్నే గుడ్‌మార్నింగ్ పువ్వులూ, ఎవరో ఒకరి మనవరాలి పుట్టినరోజు కేకూ తప్ప వేరే సంగతి లేని ఆ గ్రూపు రెండ్రోజుల్లో సంతలా తయారైంది. నలభై ఏళ్లుగా పలకరింపులు లేనివాళ్లు కూడా ఒక వాన పాట కోసం పోట్లాడుకున్నారు.

నేను లెక్కల టీచర్ని. పది అడిగితే పదీ రాయాలి. తొమ్మిది రాసి ఊరుకోవడం నా వల్ల కాదు. బడి నుంచి వచ్చి, కాఫీ తాగి, పెన్నూ కాగితం పుచ్చుకుని కూర్చున్నాను.

మొదటిది రాయడానికి నేనేం సిగ్గుపడలేదు. అది మా కాలేజీ రోజుల్లో కుర్రకారంతా చొక్కా గుండీలు విప్పుకుని ఎగిరిన డాన్సు పాట. ఈ వయసులో కూడా అది వినపడితే వంటింట్లో నా కాలు ఊరుకోదు. రెండోది పక్కింటి రేడియోలో కోరిన పాటలు వేసేటప్పుడు కోరినవాళ్ల పేర్లు చదివేవారే, అందులో మా వీధి పేరు మొదటిసారి విన్న పాట. పాట ఎలా ఉందో అప్పుడు పట్టించుకోలేదు, మా వీధి పేరు రేడియోలోకి వెళ్లిందని పొంగిపోయాం. నాలుగోది నేను హాస్టల్లో ఉండగా జాబితా రాసిచ్చి కొట్లో రికార్డు చేయించుకున్న కేసెట్‌లో మొదటి పాట. ఇప్పటికీ అది ఎక్కడ విన్నా, అయిపోగానే నా చెవి ఆ కేసెట్‌లో రెండో పాట కోసం ఎదురుచూస్తుంది. ఇంకేదో పాట వస్తే మోసపోయినట్టుంటుంది. తొమ్మిదోది పెళ్లిచూపుల్లో మావారు పాడమంటే నేను పాడనన్న పాట. ఆయన ఇప్పటికీ దెప్పుతారు.

పది అని అంకె వేసి ఆగిపోయాను.

ఆ పాట నాకు మొదటి నుంచి చివరిదాకా వచ్చు. ఎక్కడ పైకి లేస్తుందో, ఎక్కడ కిందికి దిగుతుందో, ఎక్కడ కాసేపు ఆగిపోతుందో అన్నీ తెలుసు. కానీ అందులో ఒక్క మాట కూడా తెలీదు. ఏ సినిమాలోదో తెలీదు. మా అమ్మ నలభై ఏళ్లకు పైగా నోరు మూసుకుని పాడిన పాట అది.

మా నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు, మా చర్చి సంఘానికి పెద్ద. ఆదివారం గుడిలో కీర్తన ఎత్తుకునేది ఆయనే. మా ఇంట్లో సినిమా పాట నిషేధం. రేడియో ఉండేది గానీ వార్తలకీ వాతావరణానికీ మాత్రమే దాని చెవి మెలిపెట్టేవారు. నాన్నగారు చెడ్డవారు కాదు. ఈ మాట ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి చోట తండ్రిని రాక్షసుణ్ణి చేసేస్తే రాసేవాళ్లకి సుఖంగా ఉంటుంది. ఆయన మమ్మల్ని ఎన్నడూ కొట్టలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు మాకు విసనకర్రతో విసిరేవారు. సినిమా పాట పాపం అని మనసారా నమ్మారు, అంతే. ఒక క్రిస్మస్‌కి గుడి కుర్రాళ్లు ఒక రాగం తెచ్చిస్తే బాగుందని ముచ్చటపడి, దానికి మాటలు తానే రాసి పాడించారు. అది అప్పుడు హాల్లో ఆడుతున్న సినిమా పాట రాగమని ఊరంతటికీ తెలుసు. ఒక్క నాన్నగారికే తెలీదు. ఆయన కళ్లు మూసుకుని తాళం వేస్తుంటే వెనకాల చాపల మీద ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మా అమ్మ కూడా. తలొంచుకుని ఆవిడ భుజాలు కదలడం నేను చూశాను.

మా నరసాపురంలో అప్పట్లో మధ్యాహ్నం అన్నాలయ్యాక ఏ అరుగు చూసినా లేసు అల్లే ఆడవాళ్లే. మా అరుగు మీద మా అమ్మతో పాటు ఇంకో ముగ్గురు కూర్చునేవారు. ఆ ముగ్గురూ హిందువులు, మా వీధివాళ్లే. వాళ్లు సినిమా కబుర్లు చెప్పేవారు, పాటలు పాడేవారు, నాన్నగారు బడి నుంచి వచ్చే వేళకి కీర్తనలోకి మారిపోయేవారు. హిందువుల ఇళ్లలో ఆడవాళ్లకి అన్ని కీర్తనలు ఎలా వచ్చాయో అని నాన్నగారు తెగ సంతోషించేవారు.

నాకప్పుడు పదేళ్లు. సండే స్కూల్లో ఆ నెల వాక్యాలన్నీ నేనే ముందు అప్పజెప్పాను. రంగుల బొమ్మ కార్డు బహుమతిగా ఇచ్చారు. సత్యం చెప్పే పిల్లలంటే దేవుడికి ఇష్టమని చెప్పారు. నేను ఆ మాటని లెక్కల్లో సూత్రంలా పట్టుకున్నాను.

ఆ వారంలోనే ఒక రోజు బళ్లోంచి వచ్చేసరికి అమ్మ వంటింట్లో ఉంది. నన్ను చూసి, దారపు ఉండ తెచ్చిపెట్టమంది. లేసు బుట్టలో చెయ్యి పెట్టాను. అల్లేసిన పువ్వుల కింద, అడుగున, ఒక పాటల పుస్తకం దొరికింది. సినిమా హాలు దగ్గర అమ్మేవారే, గులాబీ రంగు కాగితం, నాలుగు మడతలు, వేలికి సిరా అంటుకునేది. అట్ట మీద సినిమా పేరు చదివే ఉంటాను, గుర్తు లేదు. ఆ రోజు నా బుర్ర దాని మీద లేదు. అమ్మ మ్యాట్నీకి వెళ్లింది అన్నదొక్కటే నాకు అర్థమైంది. నేను దారపు ఉండ అమ్మకి ఇచ్చాను. పుస్తకం నా లంగాలో దోపుకున్నాను. సాయంత్రం నాన్నగారు కాళ్లు కడుక్కుని కుర్చీలో కూర్చోగానే తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను.

"ఎవరిదమ్మా ఇది?" అన్నారు.

"అమ్మదండి," అన్నాను.

ఆయన నన్ను మెచ్చుకోలేదు. నేను మెచ్చుకుంటారని నిలబడ్డాను. ఆయన చాలాసేపు ఆ పుస్తకం చేత్తో పట్టుకుని కూర్చుని, లేచి వంటింట్లోకి వెళ్లారు. నేను గుమ్మం దాకా వెళ్లాను. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. ఆయన పుస్తకాన్ని పొయ్యిలోకి తోశారు. గులాబీ కాగితం చివర్లు నల్లబడి ముడుచుకుపోవడం ఇద్దరూ చూశారు. తర్వాత ఆయన, "ఈ నెల బల్లకి నువ్వు రావాలో వద్దో నువ్వే ఆలోచించుకో," అన్నారు. గట్టిగా కూడా అనలేదు.

మా గుడిలో నెలకోసారి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ లేచి వరసగా ముందుకి వెళ్తారు. తప్పు చేశామనుకున్నవాళ్లు లేవకుండా కూర్చుంటారు. ఎవరూ ఏమీ అనరు. కూర్చున్నది ఎవరో మాత్రం గుడంతా చూస్తుంది. ఆ ఆదివారం ఆడవాళ్లందరూ లేచి వెళ్లాక, ఖాళీ చాపల మధ్య మా అమ్మ ఒక్కతీ కూర్చుంది. పిల్లలకి ఇంకా బల్ల లేదు కాబట్టి పక్కన నేనున్నాను. సంఘ పెద్ద భార్య కూర్చుండిపోయిందంటే ఏం జరిగిందో అని తలలన్నీ ఇటే తిరిగాయి. అమ్మ చూపు తన చేతుల మీదే ఉంది. మూడు నెలలు అలా కూర్చుంది. మూడు నెలలూ నేను పక్కన కూర్చున్నాను. నాకు తెలుసు ఇదంతా నా వల్లేనని. అమ్మకి తెలీదనుకున్నాను. బుట్టలో నాన్నగారే చూశారని అనుకుంటోందని అనుకున్నాను.

ఆ రోజుల్లోనే అమ్మ కూనిరాగం మొదలైంది. లేసు సూది ఆడుతుంటే నోరు మూసుకుని, ముక్కుతో, సన్నగా. ఎప్పుడూ అదే రాగం. అంతకు ముందు అమ్మ అరుగు మీద మిగతావాళ్లతో కలిసి ఏవేవో పాటలు మాటలతోనే పాడేది. ఆ తర్వాత మాటలు లేవు. కీర్తనలు గుడిలో నోరు తెరిచి పాడేది. ఇంట్లో మాత్రం ఈ ఒక్క రాగమే. నెమ్మదిగా సాగేది, ఒక్కో చోట ఆగేది, మళ్లీ సాగేది. ఎవరో ఏడుపు ఆపుకుంటూ నడుస్తున్నట్టుండేది. నా వల్లనే ఆవిడ అలా అయిపోయిందని అనుకుంటూనే నేను చదువుకునేదాన్ని, అన్నం తినేదాన్ని, నిద్రపోయేదాన్ని, ఆ రాగం వింటూ.

ఎన్నోసార్లు చెప్పేద్దామనుకున్నాను. "అమ్మా, ఆ పుస్తకం నేనే ఇచ్చాను." ఐదు మాటలు. హాస్టల్ నుంచి వచ్చినప్పుడల్లా అనుకున్నాను. పెళ్లయి వెళ్లేటప్పుడు అనుకున్నాను. నాన్నగారు పోయాక అమ్మ మా ఇంటికొచ్చి పన్నెండేళ్లు ఉంది, ఆ పన్నెండేళ్లూ అనుకున్నాను. బోర్డు మీద ఎంత పెద్ద లెక్కైనా చేసేస్తాను గానీ ఈ ఐదు మాటలు నా నోట్లోంచి రాలేదు. చివర్లో భీమవరం ఆస్పత్రిలో అమ్మ మనుషుల్ని గుర్తు పట్టడం మానేసింది. వేళ్లు మాత్రం దుప్పటి అంచు మీద అల్లుతూనే ఉన్నాయి. ముక్కులోంచి ఆ రాగం వస్తూనే ఉంది. నర్సు, "ఏదో ప్రార్థన పాట పాడుకుంటున్నారండి," అంది. రెండేళ్ల కిందట ఒక మధ్యాహ్నం అదీ ఆగిపోయింది.

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. అందుకే ఆ తర్వాత జరిగింది ఎవరికీ చెప్పలేదు. అమ్మ పోయిన నెలకి ఒక రోజు పరీక్ష హాల్లో తిరుగుతున్నాను. పిల్లలు రాసుకుంటున్నారు, ఫ్యాను తిరుగుతోంది. వెనక బెంచీల వైపు నుంచి ఆ రాగం వినపడింది. ఎవరో పిల్ల పాడుతోందనుకుని గబగబా వెళ్లాను. ఎవరూ లేరు, ఆ బెంచీ ఖాళీ. ఇంకోసారి గోదావరి దాటడానికి రేవులో పంటు ఎక్కాను, ఇంజను మోతలో అదే. బట్టలుతికే మిషన్లో అదే. ఎప్పుడూ మధ్యాహ్నమే. అన్నాలయ్యాక, లేసు వేళకి. పల్లవి మొత్తం వచ్చేది, అమ్మ ఆగే చోట ఆగేది. మళ్లీ మొదలవుతుందా లేదా అని నిలబడిపోయేదాన్ని. మావారు, "ఏంటి అలా గోడకేసి చూస్తావు?" అనేవారు.

ఆ మాటలు ఏవో తెలుసుకోవాలనిపించింది. ఆవిడ నోట్లోంచి నేను లాగేసిన మాటలు. అవి తెలిస్తే నాకు శాంతిగా ఉంటుందనుకున్నానో, శిక్ష పూర్తవుతుందనుకున్నానో ఇప్పుడు చెప్పలేను. కావాలి, అంతే. పొద్దున్న లేస్తే అదే ధ్యాస.

మా బళ్లో కొత్తగా వచ్చిన ఇంగ్లీషు టీచరమ్మ ఫోన్లో ఒక సదుపాయం చూపించింది. రాగం తీస్తే పాట చెప్తుందట. స్టాఫ్ రూములో తలుపేసుకుని తీశాను. మొదటిసారి ఏదో అరబ్బు పాట అంది. రెండోసారి చంటిపిల్లల్ని నిద్రపుచ్చే సంగీతం అంది. మూడోసారి ఏమీ దొరకలేదంది. అప్పట్లో నాకు కేసెట్ రికార్డు చేసిచ్చినాయన కొట్టు ఇంకా బస్టాండు దగ్గరే ఉంది. ఇప్పుడు ఫోన్ల అద్దాలు అతికిస్తాడు. వెళ్లి సిగ్గు విడిచి కౌంటరు ముందు రాగం తీశాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"విషాద గీతమండి ఇది, గ్యారంటీ," అన్నాడు. "హీరోయిన్ పోయాక వచ్చే పాటండి. పాత సినిమాల్లో చూడండి."

నేనూ అలాగే అనుకున్నాను కదా. దాంతో ఒక ఏడాది పాటు తెలుగు సినిమాలో ఉన్న ఏడుపు పాటలన్నీ విన్నాను. హీరోయిన్లు మంచం మీద పోయారు, రైలు కింద పోయారు, క్షయ వచ్చి పోయారు. ఒక్కో పాటకీ చెవులు రిక్కించి కూర్చుని, ఇది కాదు అని కొట్టేసేదాన్ని. గుడివాళ్లని అడిగాను, కీర్తనల పుస్తకమంతా పాడి చూపించారు. అందులోనూ లేదు.

ఇదీ ఆ పదో అంకె దగ్గర నేను ఆగిపోవడానికి కారణం. కాసేపు ఆలోచించి, తొమ్మిదీ రాసి పెట్టి, పదోది నా గొంతుతో కూనిరాగం తీసి గ్రూపులో వదిలాను. "ఇది ఏ పాటో చెప్పినవాళ్లకి పుల్లారెడ్డి స్వీట్లు..." అని మొదలుపెట్టి, మళ్లీ అది చెరిపేసి, "చెప్పినవాళ్లకి కాజాలు" అని రాశాను. రొయ్యల మేత ఆయన ఏడుపు బొమ్మలు పెట్టాడు. ఒకావిడ శవం ముందు వాయించే బ్యాండు పాటేమో అంది. ఎవరూ చెప్పలేకపోయారు. రాత్రికి ఒక క్లాస్‌మేట్ విడిగా మెసేజ్ పెట్టింది. వాళ్లు ఇప్పుడు ఉండేది గోదావరి అవతల ఒడ్డున సఖినేటిపల్లిలో. "మా అత్తగారు మీ అరుగు మీద లేసు అల్లేవారంట కదా, మీ అమ్మగారి గురించి ఎప్పుడూ చెప్తారు. ఒకసారి రా," అని.

ఆ ముగ్గురిలో ఒకావిడ ఇంకా ఉన్నారని నాకు తెలీదు. మర్నాడు ఆదివారం. గుడి అవగానే పంటు ఎక్కాను. అమ్మ సగంలో వదిలేసిన లేసు ముక్క, సూది, దారపు ఉండ సంచిలో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో తెలీదు, ఉత్త చేతులతో వెళ్లబుద్ధి కాలేదు.

ఆ అత్తగారు, చిన్నప్పుడు నేను పిన్నిగారని పిలిచినావిడ, వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నారు. చూపు చాలావరకు పోయింది. నా మొహం తడిమి చూసి, "మేష్టారి అమ్మాయివా? నీ చెంపలు మీ అమ్మవేనమ్మా," అన్నారు. ఏడిచారు, నవ్వారు, భోజనం చేశావా అని మూడుసార్లు అడిగారు.

"పిన్నిగారూ, మీరూ అమ్మా కలిసి ఒకసారి మ్యాట్నీకి వెళ్లారు కదండీ, అది ఏ సినిమా అండి?" అని అడిగాను.

"ఒకసారా?" అన్నారు ఆవిడ, ఫక్కున నవ్వి. "ఒకసారనుకున్నావేంటి పిచ్చిదానా! కొత్త బొమ్మ పడితే మేం వదిలేవాళ్లమా? రిక్షాకి పరదా కట్టించుకుని వెళ్లేవాళ్లం. మీ నాన్నగారు బళ్లోంచి వచ్చేసరికి సూదులు పట్టుకుని కూర్చునేవాళ్లం. ఏదని చెప్పను?"

రాగం తీసి వినిపించాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "మా కాలం పాటలా లేదమ్మా. మీ గుడి పాటేమో."

నా ప్రాణం ఉసూరుమంది. ఇక అడగడానికి మనిషి లేదు. సంచిలోంచి లేసు ముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాను, చూసుకోండి అమ్మ చెయ్యి అని. ఆవిడ వేళ్లతో పువ్వు పువ్వునా తడిమారు. "అబ్బ, ఏం బిగువు," అన్నారు. తర్వాత అడక్కుండానే సూది అందుకుని, అమ్మ ఆపిన కుట్టు దగ్గర నుంచి అల్లడం మొదలుపెట్టారు. కళ్లు ఎటో ఉన్నాయి, వేళ్లకి మాత్రం దారి తెలుసు. నేను పక్కన కూర్చుని, ఏమీ తోచక, ఆ వేళ్లు చూస్తూ, అలవాటు కొద్దీ మళ్లీ కూనిరాగం తీశాను. రాగం సాగింది, వేళ్లు సాగాయి. వరస చివర ఆవిడ పని తిప్పి పట్టుకోవడానికి ఆగారు. సరిగ్గా అక్కడే రాగం కూడా ఆగింది.

ఆవిడ సూది ఆపేశారు. "మళ్లీ తియ్యి," అన్నారు.

తీశాను. ఆవిడ మంచం మీద చరిచి, బోసినోరంతా తెరిచి నవ్వారు.

"ఓసి నీ ఇల్లు బంగారం కానూ! అదా! దాన్ని ఇంత సాగదీస్తే ఎవడికి తెలుస్తుందే? మీ అమ్మ కుట్లకి కొలిచి పాడేది. ఒక్కో గొలుసుకీ ఒక్కో మాట. సూది ఎంత తొందరగా ఆడితే పాట అంత తొందర. వరస తిప్పేటప్పుడు పాట కూడా ఆగేది. అసలు పాట ఇలా ఉంటుంది!"

చప్పట్లు కొడుతూ పాడారు. అది ఏడుపు పాట కాదు. ఉరుకులు పరుగుల పాట. కాలవ గట్టు మీద ఒకడి సైకిలు పంక్చరై, వాడు కొత్త చొక్కాతో తీర్థానికి, అదే జాతరకి, నడుచుకుంటూ వస్తుంటే, వాడికి కాబోయే పెళ్లాం వాడి గొప్పలన్నీ ఒక్కొక్కటే ఎత్తి ఆటపట్టించే పాట. హాస్య నటులిద్దరి మీద తీసింది. పేరు చెప్పను, చెబితే మీరందరూ వెతికి చూసి, ఇందులో ఏముందీ అంటారు. నిజమే, ఏమీ లేదు. ఏడాది పాటు నేను చావు పాటల్లో వెతికాను. మా అమ్మ నలభై ఏళ్లూ ఒక సైకిలు పంక్చరు గురించి పాడుకుంది.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో, అమ్మకి చెప్పలేని మాట ఆవిడకి చెప్పేశాను. "పిన్నిగారూ, ఆ పాటల పుస్తకం నాన్నగారికి ఇచ్చింది నేనేనండి. అమ్మకి తెలీదు. నా వల్లే మాటలు మానేసింది."

పిన్నిగారు సూది ఒళ్లో పెట్టుకున్నారు.

"మీ అమ్మకి తెలుసమ్మా," అన్నారు. "ఆ రోజే తెలుసు. దారం కోసం బుట్టలో చెయ్యి పెట్టేది నువ్వే కదా, ఇంకెవరు పెడతారు? మాకు మర్నాడే చెప్పింది."

నేను కొంగుతో మొహం తుడుచుకుని ఆవిడకి దగ్గరగా జరిగాను.

"మేమే అడిగాం. ఏవండీ, నోరు మూసుకుని పాడతారేంటండీ, ఆయనగారు బళ్లో ఉన్నారుగా, మాటలు పాడండీ అని. మీ అమ్మ ఏమందో తెలుసా? 'పిల్ల ఆయన కంటే ముందే బళ్లోంచి వచ్చేస్తుందండీ. మాటలు పాడానంటే, నాన్నకి చెప్పాలా వద్దా అని అది మళ్లీ నలిగిపోద్దండి. చెప్తే నా మీద బెంగ, చెప్పకపోతే దేవుడంటే భయం. చంటిదానికెందుకండీ ఆ బాధ' అంది. కూనిరాగం తీస్తే అది కీర్తనో సినిమా పాటో ఎవడికి తెలుసు? నీకు చెప్పడానికేమీ లేకుండా చేసిందమ్మా, అంతే."

వసారా బయట ఎవరో కొబ్బరికాయలు ఒలుస్తున్నారు. ఆ చప్పుడులోనే అడిగాను. "మరి నేను హాస్టల్‌కి వెళ్లిపోయాక? నేను ఇంట్లో లేను కదండీ. అప్పుడైనా పాడలేదా?"

"పాడమన్నాం. పాడబోయింది కూడా. నోరు తెరిచి, మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. 'మాటలు పోయాయండీ' అంది. మాలో ఎవరికీ సరిగ్గా రావు అప్పటికి. నాకైనా ఇప్పుడు పల్లవొక్కటే వచ్చింది, చూశావుగా. పుస్తకం మీ నాన్నగారు పొయ్యిలో వేసేశారాయె."

తిరుగు పంటులో నది మధ్యలో ఫోన్లో ఆ పాట వెతికి పెట్టుకున్నాను. రెండున్నర నిమిషాలు కూడా లేదు. పక్కన మోటారు సైకిలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు విని నవ్వుకున్నారు. ఎంత చెవి పెట్టి విన్నా అందులో మా అమ్మ లేదు. మాటలన్నీ కాగితం మీద రాసుకున్నాను, పల్లవి, మూడు చరణాలు. రాత బాగా వచ్చేదాకా రెండుసార్లు రాశాను. ఒడ్డు చేరేలోపు గ్రూపులో పదో పాట పేరు పెట్టేశాను. రొయ్యల మేత ఆయన వెంటనే, "లెక్కల టీచరమ్మా, ఇదా నీ టాప్ టెన్!" అని పగలబడి నవ్వే బొమ్మలు వరసగా పది పెట్టాడు.

మర్నాడు బడికి సెలవు పెట్టాను. మావారు పని మీద రాజమండ్రి వెళ్లారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, వంటింటి గుమ్మం పక్కన అమ్మ కూర్చునే చోట చాప వేసుకుని కూర్చున్నాను. కాగితం ముందు పెట్టుకున్నాను. నాకు లేసు రాదు. అమ్మ నేర్పలేదు, చదువుకోమంది. అందుకని ఉత్త వేళ్లే అల్లుతున్నట్టు ఆడించుకుంటూ, నోరు తెరిచి, మాటలతో పాడాను. సినిమాలో లాగా కాదు, అమ్మలాగే. ఒక్కో గొలుసుకీ ఒక్కో మాట. సైకిలు, పంక్చరు, కొత్త చొక్కా, అన్నీ ఒక్కొక్కటిగా నెమ్మదిగా బయటికొచ్చాయి. పల్లవి చివర అమ్మ పని తిప్పే చోట ఆగాను.

ఆ ఆగిన చోట ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. గోడల వైపు చూడకుండా, "అమ్మా, ఆ పుస్తకం నేనే ఇచ్చాను," అని పైకి అన్నాను. తర్వాత మూడు చరణాలూ ఆవిడకి ఒక్క మాట పోకుండా అప్పజెప్పాను.

ఆ రోజు నుంచీ ఆ కూనిరాగం నాకు వినపడలేదు. పరీక్ష హాల్లో లేదు, పంటులో లేదు, బట్టల మిషన్లో లేదు. పోవాలనే కదా కోరుకున్నాను. ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం అన్నాలవగానే ఫ్యాను ఆపేసి ఆ చాప మీద కూర్చుంటున్నాను. మావారు ఏంటని అడిగితే, ఏమీ లేదంటున్నాను.